గాసునూనెనా, గ్యాసునూనెనా?

హన్మకొండ వాసి: బడిలో మా సైన్సు సారు చెప్పిన పాదం ఒకటి రెండ్రోజులుగా నాలుక మీదే ఆడుతోంది. "గాసునూనె పోసి గాగారిన్ గగనానికెగిసె..." తర్వాతి పాదం ఎంత తన్నుకున్నా గుర్తుకొస్తలేదు. ఎవరికైనా తెలుసా?

పరకాల పంతులు: కిరోసిన్‌ను అనేది గ్యాసునూనె అని. రేషన్ డీలర్ దగ్గర డబ్బా పట్టుకుని నిలబడి తెచ్చుకున్నవాణ్ణి, 'గా' అనడం ఎన్నడూ వినలేదు. యతి కోసం మీ సారు యకారం మింగి ఉంటారు.

మెట్‌పల్లి అక్క: మింగే పనేముంది పంతులుగారూ? గ్యాలో ఉన్నదీ గకారమే, అచ్చూ ఆకారమే, యతి ఎట్లయినా చెల్లుతుంది. మా దిక్కు ముసలోళ్లు గాసునూనె అనే అంటారు. మరాఠీ వాళ్లు ఈ నూనెనే ఘాస్‌లేట్ అంటారు, అది కూడా ఈ కుదురుదే అని నా నమ్మకం.

పరకాల పంతులు: ఘాస్ అంటే గడ్డి కదమ్మా, గడ్డికీ ఈ నూనెకూ ఏం పొత్తు?

కాజీపేట తమ్ముడు: అక్షరం వదిలి అర్థం చూడండి. 1961 ఏప్రిల్ 12న గాగారిన్ ఎక్కిన వోస్తోక్ నౌకను లేపిన ఆర్‌డీ-107, 108 ఇంజన్లు కిరోసిన్‌తో పాటు ద్రవ ఆక్సిజన్ కూడా తాగాయి. పైన గాలి ఉండదు కాబట్టి మైనస్ 183 డిగ్రీల ఆ ప్రాణవాయువును ట్యాంకులో వెంట మోసుకుపోవాల్సిందే. కనుక రెండో పాదంలో ప్రాణవాయువు ఉండి తీరాలి. పత్రికలవాళ్లు ఈ రెంటినీ కలిపి 'ద్రవ ఇంధనం' అంటుంటే నాకు మనసొప్పదు, ఇంధనం అందులో సగమే, మొత్తానికి చోదకం అనాలి.

మెట్‌పల్లి అక్క: సంస్కృతంలో ఇంధనం అంటే పొయ్యిలో పెట్టే కట్టె. ద్రవ ఇంధనం అంటే నీళ్లకట్టె అయితది! కాళోజీ పుట్టినరోజును భాషా దినోత్సవంగా చేసుకునే మనం, బడిపలుకులు కాదు పలుకుబడులు కావాలన్న ఆ మనిషి మాట మరిచి, చోదకం అని ఇంకో బడిపలుకు ఎందుకు తెచ్చుకోవాలి?

కాజీపేట తమ్ముడు: అక్కా, కట్టె అన్నారు గనుక చెప్తున్నా. 1984లో మన రాకేశ్ శర్మను మోసిన సోయుజ్ కూడా వోస్తోక్ వంశమే. ఆ రాకెట్ల అడుగున నూనె మండే గదులకు నిప్పు పెట్టేది బిర్చ్ కట్టెలకు బిగించిన మందుతో. బిర్చ్ అంటే మన భూర్జవృక్షం జాతి. నూనెకు ముందు అంటుకునేది కట్టే!

పరకాల పంతులు: అయితే సంస్కృతమే గెలిచినట్టు. నూనె మాత్రం గ్యాసునూనే.

హన్మకొండ వాసి: రెండో పాదం ఇంకా దొరకలేదు గానీ, చివర 'చలి' అని వినబడ్డట్టుంది. మైనస్ 183 అన్నాక అది మెదిలింది.

మెట్‌పల్లి అక్క: చలి కాదేమో, 'చలువ' అయ్యుంటుంది. ఆ చోట ఇంకో అక్షరం పట్టాలి, పాదం మొత్తం ఒకసారి లెక్కగట్టి చూడండి.