అప్‌డేట్: కల్తీ కల్లు ఒక్కసారిగా మాన్పించకండి

కల్లు మాన్పిస్తే మామయ్యకు చేతులు వణుకుతున్నాయి, నిద్ర లేదు, ఏం చేయాలని పోయిన నెల అడిగాను. ఇప్పుడు తెలిసింది రాస్తున్నా, ఇంకో ఇంట్లో పనికొస్తుంది.

ఆ వణుకు చెట్టు కల్లు మానినందుకు కాదట. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం, డైజిపాం అనే మత్తు మందులు ఒక్కసారిగా ఆగినందుకు. ఒకటి రెండు రోజుల్లో మొదలై ఫిట్స్ దాకా పోవచ్చు. గ్లాసు నోటి దాకా వచ్చేలోపే సగం నీళ్లు ఒలికిపోతున్నా, లేని మనుషులతో మాట్లాడుతున్నా ఇంట్లో ఉంచొద్దు, 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టకూడదు.

కల్లులో మందు ఎంత కలిపారో ఎవరికీ తెలియదు. అందుకే డాక్టర్లు వణుకు, నాడి, బీపీ చూసి డైజిపాం మోతాదు కట్టి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మందుల షాపులో మనమే కొని వేయడం ఘోరమైన తప్పు. మధ్యలో మళ్లీ కల్లు తాగితే రెండూ కలిసి ఊపిరి మందగిస్తుంది. మాత్రలు ఇంట్లో ఒకరి దగ్గరే ఉండాలి, ఏ పూటవి ఆ పూటే ఇవ్వాలి.

ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియకపోతే 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, ఉచితం. తెలుగులో మాట్లాడాలంటే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416.

మామయ్య మోతాదు ఇంకా తగ్గిస్తున్నారు. నిద్ర పడుతోంది.