అప్‌డేట్: పాప కోలుకుంది

ఏడాదిన్నర పాపకి నీళ్ల విరేచనాలు, ఓఆర్ఎస్ పట్టినా కక్కేస్తోంది, ఏం చేయాలని అడిగాను కదా. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్న అందరికీ చేతులెత్తి దండం. ఇప్పుడు బాగుంది, ఆడుకుంటోంది.

డాక్టర్‌గారు ముందు పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలారు. మెల్లగా వెనక్కి వెళ్లింది. కళ్లు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రావట్లేదు. ఒంట్లో నీరు బాగా తగ్గిందన్నారు. అయినా తాగగలుగుతోంది కాబట్టి సెలైన్ పెట్టలేదు, అక్కడే కూర్చోబెట్టి ఓఆర్ఎస్ పట్టించారు.

అసలు కిటుకు పట్టే తీరులోనే ఉంది. గ్లాసుతో కాదు, చెంచాతో నిమిషానికోసారి. కక్కితే 10 నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు, తిండి ఆపొద్దన్నారు. జింక్ రోజుకి 20 మి.గ్రా., విరేచనాలు తగ్గినా 14 రోజులు వేయమన్నారు.

విరేచనాలు కట్టే మందు వేయొచ్చా అని ఒకరు అడిగారు. చిన్నపిల్లలకి ప్రమాదం, వేయకండి. మలంలో రక్తం పడినా, బిడ్డ మత్తుగా పడుకుని తాగలేకపోయినా ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.