స్నోపియర్సర్ క్లైమాక్స్: రైలు పేల్చేయడం కరెక్టేనా?

చివరిబోగీ:
బాంగ్ జూన్ హో 2013లో తీసిన స్నోపియర్సర్ మళ్ళీ చూశాను. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, క్లైమాక్స్ చెప్పేస్తున్నాను. భూమిని చల్లబరుద్దామని గాల్లోకి వదిలిన రసాయనం వికటించి లోకమంతా గడ్డకట్టుకుపోతుంది. మిగిలిన జనం ఆగకుండా తిరిగే ఒకే ఒక్క రైల్లో ఉంటారు. ముందు బోగీల్లో సుషీ, వెనక బోగీల్లో పురుగులు రుబ్బి చేసిన నల్ల దిమ్మలు. కర్టిస్ వెంట వెనకవాళ్ళు తిరగబడి ఇంజన్ దాకా పోతారు. అక్కడ, వాళ్ళకి బోగీల తలుపులు తెరిచిపెడుతూ వచ్చిన నామ్‌గుంగ్, బయటికెళ్ళే తలుపుకి బాంబు పెడతాడు. ఆ దెబ్బకి మంచుచరియలు విరిగిపడి రైలు పట్టాలు తప్పుతుంది. బతికినట్టు మనకు చూపించేది ఇద్దరు పిల్లల్ని మాత్రమే. ఎవరి కోసం పోరాడారో వాళ్ళనే చంపేసి దాన్ని విముక్తి అంటే ఎలా? తోక బోగీలో మిగిలినవాళ్ళని ఎవరైనా ఒక్క మాట అడిగారా?

కత్తెర:
అన్నా, ఇంజన్ గదిలో రైలు యజమాని విల్‌ఫోర్డ్ ఏం చెప్పాడో మర్చిపోతే ఎలా? తోకలో పెద్దమనిషి గిలియమూ తనూ కలిసే ఈ తిరుగుబాటుని నడిపించామంటాడు. జనం పెరిగినప్పుడల్లా పంట పలచన చేసినట్టు కొంతమందిని ఏరేయాలి కదా, అందుకు. నూటికి 74 మంది చస్తారని మధ్యలోనే లెక్క కూడా చదివి వినిపిస్తారు. అంటే తిరగబడటం కూడా రైలు మెయింటెనెన్స్‌లో భాగమే! కర్టిస్ విల్‌ఫోర్డ్ కుర్చీలో కూర్చున్నా మారేది డ్రైవరే. నిజానికి అతను మెత్తబడిపోయాడు కూడా. నామ్‌గుంగ్ కూతురు యోనా వచ్చి నేల పలక ఎత్తకపోతే కథ అక్కడితో అయిపోయేది. కింద ఇరుకు సందులో, అరిగిపోయిన పార్టు బదులు, తోక బోగీ నుంచి లాక్కొచ్చిన టిమ్మీ. అయిదేళ్ళ పిల్లాడు. ఆ షాట్ చూశాక కూడా రైలుండాలి అనగలమా?

రెండో ఆట:
ఉండాలి, ఇంజన్ జనం చేతికి రావాలి. బోగీలు కలిపేసి, తిండి సమానంగా పంచి, పార్టులు తయారుచేసుకునే దారి వెతకొచ్చు. కత్తెరగారి వాదనలో, చెడ్డవాడు నడిపింది కాబట్టి అసలు నడవకూడదు అన్నట్టుంది.

కత్తెర:
పార్టులు ఇక దొరకవని, ఆ సందులో చిన్నపిల్లలే పడతారని విల్‌ఫోర్డే చెప్తాడు. మీ సమసమాజంలో ఆ పలక కింద ఎవరి పిల్లాడు కూర్చుంటాడు?

చివరిబోగీ:
విల్‌ఫోర్డ్ మాట వేదమా? ఆయన చెప్పినవాటిలో ఎన్ని నిజాలు?

మంచుకన్ను:
ఒక విషయం వదిలేస్తున్నారు. నామ్‌గుంగ్ పిచ్చితో పేల్చలేదు. రైలు ఏడాదికోసారి ఒకే చోటు దాటుతుంది. అక్కడ కూలిన విమానం మీద మంచు ఏటా కొంత తగ్గుతోందని అతను కనిపెట్టి పెట్టుకున్నాడు. బయట బతకొచ్చని అతని లెక్క. తలుపు తెరవాలనుకున్నాడు, మంచు విరిగిపడటం అతని ప్లాన్‌లో లేదు. చివర్లో ధ్రువపు ఎలుగుబంటి కనబడుతుంది కదా, దానికి తిండి దొరుకుతోందంటే లెక్క తప్పలేదనే.

రెండో ఆట:
ఆ ఎలుగుకి ఎదురుగా దొరికిన తిండి ఆ ఇద్దరు పిల్లలే అయితే? 😄

పాతరీలు:
క్లాసు గొడవతో తీసిన ప్రతి సినిమాకీ ఈ చిక్కు తప్పదు. 1927లో ఫ్రిట్జ్ లాంగ్ మెట్రోపోలిస్ చివర్లో యజమానికీ కార్మికుడికీ చేతులు కలిపించాడు. తర్వాత ఆ ముగింపు తనకే నచ్చలేదన్నాడు. రాజీ చూపిస్తే అబద్ధంలా ఉంటుంది, కూల్చేస్తే శవాల లెక్క అడుగుతారు. నాకైతే కూల్చడమే నయం. కనీసం జోకొట్టి పంపదు.

చివరిబోగీ:
మంచుకన్నుగారూ, ప్రమాదం అంటే ఒప్పుకుంటాను. కానీ బయటికెళ్ళే ప్లాన్ ఎవరి కోసం వేశాడు? బొచ్చు కోట్లు తనకీ కూతురికీ చూసుకున్నాడు. వెనక బోగీల్లో గోనెగుడ్డల్లాంటివి చుట్టుకున్న జనానికి ఆ తలుపు తెరిస్తే ఏమొస్తుంది? దీనికి జవాబు చెప్పండి, తర్వాత ఎలుగుబంటి సంగతి చూద్దాం.