ఎల్‌ఈడీ బల్బు వేశాక ఇండికేటర్ పిచ్చెక్కినట్టు కొట్టుకుంటోంది, ఏం చేయాలి?

మారతహళ్లి కుర్రాడు: అందరికీ నమస్కారం. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2012 మోడల్ హ్యాచ్‌బ్యాక్. వెనక ఇండికేటర్లు మరీ మసకగా వెలుగుతున్నాయని శనివారం బెంగళూరులో జేసీ రోడ్డుకెళ్లి రెండు ఎల్‌ఈడీ బల్బులు తెచ్చి నేనే వేసుకున్నాను. వెలుగు బ్రహ్మాండం. కానీ టిక్‌టిక్ స్పీడు రెట్టింపైంది. ముందువి, పక్కన ఫెండర్ మీదవి పాత బల్బులే. షాపులో అడిగితే ‘రెసిస్టర్ పెట్టుకోండి సార్, సరిపోతుంది’ అన్నారు. బల్బులు నాసిరకమా, నేనే ఏదో చెడగొట్టానా? సిల్క్ బోర్డు దగ్గర వెనకవాళ్లంతా నన్నే చూస్తున్నట్టుంది, టెన్షన్‌గా ఉంది.

ఓమ్ అక్క: ఏమీ చెడిపోలేదు తమ్ముడూ. కారు నీకు ‘ఒక బల్బు పోయింది’ అని చెబుతోంది, అంతే. ఒక పక్క ముందు 21 వాట్లు, వెనక 21, ఫెండర్ మీద 5, మొత్తం 47 వాట్లు. 12 వోల్టుల దగ్గర దాదాపు 4 ఆంపియర్లు. ఇండికేటర్లను వెలిగించి ఆర్పే చిన్న డబ్బా ఉంటుంది, దాన్నే రిలే అంటారు. అది ఈ కరెంటును కొలుస్తూ ఉంటుంది. ఒక బల్బు కాలిపోతే కరెంటు పడిపోతుంది, డ్రైవరుకు తెలియాలని స్పీడు పెంచుతుంది. నీ ఎల్‌ఈడీ మహా అయితే 4 వాట్లు తీసుకుంటుంది. రిలే లెక్కలో అది వెలగనట్టే. (బాగా పాత కార్లలో, వేడికి వంగే రేకు రిలేలు ఉండేవి. వాటికి ఎల్‌ఈడీ పెడితే స్పీడు పెరగదు, అసలు కొట్టుకోకుండా వెలిగి ఊరుకుంటుంది.)

షాపువాళ్లు చెప్పిన రెసిస్టర్ ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది, 6 ఓమ్‌లు, 50 వాట్లు. ఇండికేటర్ వైరుకూ ఎర్త్‌కూ మధ్య, బల్బుకు పారలల్‌గా కలపాలి. 12 వోల్టులకు 2 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి రిలే పాత బల్బే ఉందనుకుంటుంది. అంటే ఎల్‌ఈడీతో మిగిల్చిన కరెంటునంతా తీసుకెళ్లి రెసిస్టర్‌లో వేడి చేసి పారేస్తున్నావన్నమాట. బ్యాటరీ ఆదా అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో.

హిందూపురం అన్న: ఆ వేడి సంగతి నన్నడగండి. రెండేళ్ల క్రితం ఒక షాపులో నా కారుకు రెసిస్టర్లు డబుల్ సైడ్ టేపుతో డిక్కీ పక్క ప్లాస్టిక్‌కు అతికించారు. హొసూరు రోడ్డులో టైరు పంక్చరై అరగంట హజార్డ్ లైట్లు (ఇండికేటర్లన్నీ ఒకేసారి కొట్టుకునేవి) వేసుకుని నిలబడ్డాను. ఏదో కాలిన వాసన. తీరా చూస్తే టేపు కరిగింది, ప్లాస్టిక్ ఉబ్బింది, వైరు పైతొడుగు మెత్తబడింది. ఇంజిన్ ఆన్‌లో ఉంటే 14 వోల్టులు వస్తాయి, అప్పుడు వెలిగినంతసేపు రెసిస్టర్‌లో దాదాపు 33 వాట్లు. దాని మీద రాసిన ‘50 వాట్లు’ ఇనుప రేకుకు బోల్టు వేసి బిగిస్తేనే వర్తిస్తుంది. వైర్లకు, ప్లాస్టిక్‌కు దూరంగా బాడీ రేకుకే బిగించాలి.

నేనైతే రిలే మార్చమంటాను. ఎల్‌ఈడీకని వేరే ఫ్లాషర్ రిలేలు వస్తాయి, కరెంటుతో పని లేకుండా ఒకే స్పీడులో కొట్టుకుంటాయి. వైరు కోయక్కర్లేదు.

మారతహళ్లి కుర్రాడు: అన్నా, ఆ రిలే ఎక్కడుంటుంది? నా కారులో అసలు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

హిందూపురం అన్న: హజార్డ్ వేసి, స్టీరింగ్ కింద ఫ్యూజు బాక్సు దగ్గర చెవి పెట్టు. టిక్ టిక్ అనే చిన్న డబ్బా మీద వేలు పెడితే కొట్టుకోవడం తెలుస్తుంది. దాన్ని పీకి కింద పిన్నుల దగ్గర రాసింది ఫొటో తీసుకో. బి, ఎల్, ఇ అని ఉండొచ్చు, లేదా 49, 49ఎ, 31 అని. కొత్తది అదే వరసలో ఉండాలి. మూడు పిన్నులూ సరిగ్గా పట్టినంత మాత్రాన వరస ఒకటే అనుకోకు. కొత్త కార్లలో చాలావాటికి విడిగా రిలే ఉండదు, కంప్యూటరే ఆ పని చేస్తుంది, టిక్ శబ్దం కూడా ఉత్తుత్తిదే. అలాంటి వాటికి ఈ దారి లేదు.

ఓమ్ అక్క: ఒక నష్టం కూడా చెప్పాలి. ఈ రిలే పెడితే రేపు నిజంగా బల్బు పోయినా నీకు చెప్పదు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో గోడకు దగ్గరగా ఆపి అప్పుడప్పుడూ హజార్డ్ వేసి చూసుకోవాలి.

హోసకోటె సుబ్బు: మధ్యలో దూరుతున్నాను. నా కారుకు వెనక తెల్ల గ్లాసు. తెల్ల ఎల్‌ఈడీ వేయొచ్చా?

ఓమ్ అక్క: వద్దండీ. గ్లాసు తెల్లదైతే బల్బే నారింజ పసుపులో వెలగాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 102వ నియమం ఆ రంగే ఉండాలంటుంది. స్పీడు కూడా నిమిషానికి 60 కంటే తగ్గకూడదు, 120 దాటకూడదు. తమ్ముడూ, నీది ఎంత కొట్టుకుంటోంది?

మారతహళ్లి కుర్రాడు: లెక్కపెట్టాను అక్కా, 150 దాటింది.

ఓమ్ అక్క: అయితే అలా తిప్పకు. ఇంకో మాట, ముందే అడగాల్సింది. పాత బల్బులు ఎందుకు మసకగా ఉన్నాయి? హోల్డర్ చూశావా? కాంటాక్టు తుప్పు పడితే అక్కడే ఒక వోల్టు పోతుంది. ఒక్క వోల్టు తగ్గితే మామూలు బల్బు వెలుగు పావు వంతు పడిపోతుంది. ఎల్‌ఈడీ లాగే కరెంటే తక్కువ కాబట్టి తుప్పు దాన్ని పెద్దగా ఆపలేదు. నీకు ‘బ్రహ్మాండం’ అనిపించింది అందుకేనేమో.

మారతహళ్లి కుర్రాడు (రెండు రోజుల తర్వాత): అక్కా, నువ్వు చెప్పిందే నిజం. రెండు హోల్డర్లలోనూ పచ్చగా చిలుము. ఒకదానికి రబ్బరు వాషరే లేదు, వానలకు నీళ్లు దిగినట్టున్నాయి. ఫ్యూజు తీసేసి సన్న గరుకు కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత బల్బులే పెట్టాను. వెలుగు బాగుంది, స్పీడు 84. రిలే కొనలేదు. ఎల్‌ఈడీలను షాపువాళ్లు వాపసు తీసుకోబోమన్నారు. నారింజ రంగువి, టీ20 సైజు, ఎవరికైనా కావాలా?

హోసకోటె సుబ్బు: నా డిక్కీ లైటుకు పట్టవా?

హిందూపురం అన్న: పట్టవు సుబ్బూ, దానిది చిన్న హోల్డర్. పట్టినా డిక్కీ అంతా ఇండికేటర్‌లా నారింజ పసుపుగా ఉంటుంది.