బ్యాట్‌మ్యాన్ రాసిన బిల్ ఫింగర్‌కి పేరు రాలేదు: తప్పు బాబ్ కేన్‌దా, ఫింగర్‌దేనా?

గోదారిగట్టు:
ఈమధ్య కామిక్స్ మాట వస్తే చాలు, బాబ్ కేన్‌ని దొంగ అని తిడుతున్నారు. నాకు అంత తేలిగ్గా మింగుడుపడట్లేదు. తెలియనివాళ్ల కోసం: 1939లో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో బ్యాట్‌మ్యాన్ మొదటిసారి వచ్చాడు. బొమ్మలు కేన్‌వి, కథ బిల్ ఫింగర్‌ది. ఆ కామిక్స్ అచ్చువేసే కంపెనీతో బేరం మాట్లాడుకున్నది కేన్ ఒక్కడే. ఫింగర్ కూలికి రాశాడు. 1974లో పోయేదాకా సృష్టికర్తగా ఆయన పేరు ఎక్కడా పడలేదు. నా ప్రశ్న ఒక్కటే. పాతికేళ్లు రాసినవాడు ఒక్క కాగితమైనా రాయించుకోకపోతే తప్పు ఎవరిది?

అట్టలేనిపుస్తకం:
"కథ ఫింగర్‌ది" అని ఒక్క ముక్కలో తేల్చేశారేంటండీ! కేన్ మొదట గీసింది ఏమిటో తెలుసా? ఎర్ర బిగుతు బట్టలు, కళ్లకి చిన్న ముసుగు, వీపుకి బిర్రుగా రెండు రెక్కలు. తలంతా కప్పే చెవుల ముసుగు, రెక్కల బదులు కేప్, చేతికి గ్లవ్స్, ఆ బూడిద నలుపు రంగులు ఫింగర్ చెప్పినవే. బ్రూస్ వేన్ పేరు ఆయనదే. గోథమ్ అనే ఊరి పేరు టెలిఫోన్ డైరెక్టరీలో ఒక నగల కొట్టు పేరు చూసి పెట్టాడు. జోకర్, రాబిన్, క్యాట్‌వుమన్ పుట్టుకలోనూ ఆయన చెయ్యి ఉంది. కేన్ తర్వాత్తర్వాత బొమ్మలు కూడా వేరేవాళ్లతో వేయించి కింద తన సంతకం పెట్టుకున్నాడు. ఇక మిగిలిందేమిటి?

బెజవాడ ఎండ:
ఫింగర్ టైముకి స్క్రిప్ట్ ఇచ్చేవాడు కాదని ఎడిటర్లు విసుక్కునేవాళ్లు. అదీ చెప్పాలిగా.

అట్టలేనిపుస్తకం:
చెప్పాలి. ఆలస్యం ఎందుకయ్యేదో కూడా చెప్పాలి. కథలో ఒక యంత్రమో వంతెనో వస్తే పత్రికల్లోంచి దాని ఫొటోలు వెతికి స్క్రిప్ట్‌కి జతచేసి ఆర్టిస్టుకి ఇచ్చేవాడు. పేజీకి ఇంత అని తీసుకునేవాడికి ఆ వెతుకులాటకి పైసా రాదు. అయినా ఆలస్యం చేస్తే డబ్బు కోస్తారు గానీ పేరు కోస్తారా?

తెరవెనక:
నేను టీవీ సీరియళ్లకి సీన్లు రాస్తాను. ఒక సీరియల్‌కి ఏడాది పైగా రాశాను, టైటిల్స్‌లో వేరే ఆయన పేరు పడింది. గోదారిగట్టు గారూ, ఎందుకు అడగలేదు అంటున్నారు కదా. అడిగితే మర్నాటి నుంచి ఫోన్ రాదు, అందుకు. మా దగ్గర ఇలా పేరు లేకుండా రాసే ఘోస్టులందరికీ తెలిసిన సంగతే ఇది. అద్దె కట్టాల్సిన నెలలో ఎవడూ హక్కుల గురించి మాట్లాడడు.

గోదారిగట్టు:
మీ బాధ అర్థమైంది సార్. కానీ అమెరికాలో కోర్టులున్నాయి కదా?

అట్టలేనిపుస్తకం:
ఉన్నాయి. సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన సీగెల్, షుస్టర్ 1938లో హక్కులు 130 డాలర్లకి ఇచ్చేశారు. 1947లో కోర్టుకెక్కారు. చివరికి పనీ పోయింది, పుస్తకాల మీద పేర్లూ పోయాయి. అదే కంపెనీకి రాస్తూ ఇదంతా కళ్లారా చూసినవాడు కేసు వేస్తాడా? వాళ్లిద్దరి పేర్లు తిరిగి వేయడానికి కంపెనీ ఒప్పుకున్నది 1975లో. అప్పటికి ఫింగర్ పోయి ఏడాది దాటింది.

చందమామ వీరాభిమాని:
మన దగ్గర మాత్రం? చందమామలో తోకచుక్క, మకరదేవత, శిథిలాలయం లాంటి సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. సీరియల్ మీద ఆయన పేరుండేది కాదు. మేమంతా అవి చదివి పెరిగి, రాసిందెవరో చాలా ఏళ్లకి తెలుసుకున్నాం. మరి చక్రపాణి గారిని దొంగ అంటామా?

గోదారిగట్టు:
అదే నేను అనేది. అప్పటి పద్ధతి అది.

అట్టలేనిపుస్తకం:
రెండూ ఒకటి కాదు. దాసరి గారు నెలజీతం మీద ఆఫీసులో పనిచేశారు. ఆ సీరియల్ నేనే రాశానని ఇంకెవరూ పేరు వేసుకోలేదు. బ్యాట్‌మ్యాన్ మీద పేరు ఉంది, అది కేన్ ఒక్కడిది.

చందమామ వీరాభిమాని:
ఆగండాగండి. ఏళ్ల తరబడి పత్రికని నడిపింది కొడవటిగంటి కుటుంబరావు గారు, సంపాదకుడిగా అచ్చయింది చక్రపాణి గారి పేరు. దానికేమంటారు?

అట్టలేనిపుస్తకం:
అది నాకూ నచ్చదు. నచ్చాలని ఎవరన్నారు? కానీ 1965లో కేన్ చేసింది ఆ కోవలోది కాదు. బ్యాట్‌మ్యాన్‌లో తన పాత్ర ఎంతో ఫింగర్ అభిమానులకి చెప్పాడు, జెర్రీ బెయిల్స్ అనే ఆయన దాన్ని రాసి పంచాడు. అప్పుడు కేన్ ఫ్యాన్ పత్రికకి పెద్ద ఉత్తరం రాసి, అంతా నేనే సృష్టించాను, ఫింగర్ చెప్పేది నమ్మొద్దు అన్నాడు. అడగలేదు కాబట్టి ఇవ్వలేదనుకోవచ్చు. నోరు విప్పినవాడిని అబద్ధాలకోరు చేయడం పద్ధతి కిందకి వస్తుందా? ఫింగర్ పోయిన పదిహేనేళ్లకి, 1989లో, తన ఆత్మకథలో మాత్రం ఆయనకి పేరు దక్కాల్సిందని ఒప్పుకున్నాడు.

గోదారిగట్టు:
ఆ ఉత్తరం దగ్గర కేన్‌ని వెనకేసుకురాలేను. ఒప్పందం దగ్గర మాత్రం నా మాట మారదు. ఇరవై ఐదేళ్ల వయసు కూడా నిండని కుర్రాడు తన బేరం తాను చూసుకున్నాడు, అంతే.

బెజవాడ ఎండ:
చివరికి పేరెలా వచ్చింది?

అట్టలేనిపుస్తకం:
మార్క్ టైలర్ నోబుల్‌మన్ అనే రచయిత ఏళ్ల తరబడి వెతికి ఫింగర్ మనవరాలు అథీనాని పట్టుకున్నాడు. ఆవిడ గట్టిగా నిలబడ్డారు. 2015లో కంపెనీ దిగొచ్చింది. 2016లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్ సినిమాలో కేన్ పేరు వెనక ఫింగర్ పేరు పడింది. వెనకే, పక్కన కాదు. గోదారిగట్టు గారు సమర్థించే ఒప్పందం ఇంకా పనిచేస్తూనే ఉందన్నమాట.

తెరవెనక:
కొత్తగా రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఫోన్లో సీన్లు చెప్పడం మానేయండి. మెయిల్‌లో పంపండి, తేదీ ఉంటుంది. పేరు వేస్తారో లేదో అడ్వాన్స్ తీసుకునే రోజే అడగండి, వేయం అంటే రేటు పెంచండి.