గుడ్లు పూర్తిగా వదలని తల్లిచేపకు మళ్లీ ఇంజెక్షన్ వేయొచ్చా?

ప్రశ్న: అన్నా, హైదరాబాద్ పక్కనే మాకు చిన్న హేచరీ ఉంది. మొన్న జులైలో శీలావతి, బొచ్చె చేపలకు ఓవాప్రిమ్ (గుడ్లు వదిలించే హార్మోన్ ఇంజెక్షన్) వేశాం. శీలావతి బాగానే గుడ్లు వదిలింది. బొచ్చెల్లో కొన్నింటికి పొట్ట సగమే తగ్గింది. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఈ సీజన్‌లోనే వాటికి ఇంకో డోసు వేయొచ్చా, లేక అమ్మేయమంటారా?

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ. పక్వమై అండాశయం నుంచి ఊడిన గుడ్డు గంటల్లోనే బయటికి రావాలి, ఆలస్యమైతే చెడిపోతుంది. ఊడకుండా ఆగిపోయిన గుడ్లను చేప తన ఒంట్లోకే పీల్చుకుంటుంది. గుడ్డు చుట్టూ పొరగా ఉండే కణాలే లోపలి సొనను మెల్లగా కరిగించేస్తాయి. ఆ పని నడుస్తుండగా హార్మోన్ ఇస్తే మంచి గుడ్లు రావు, పైగా చేప నీరసిస్తుంది.

ఒకదాన్ని తడిగుడ్డలో పట్టుకుని పొట్ట తడిమి చూడు. మెత్తగా వేలాడుతూ, గుడ్లు వచ్చే రంధ్రం కాస్త ఎర్రగా ఉంటే దానికి విశ్రాంతి చాలు. పొట్ట రాయిలా బిగిసి, చేప పక్కకు ఒరిగి ఈదుతుంటే లోపల గుడ్లు అడ్డుపడ్డట్టే. అలాంటివి బతకడం కష్టం, వాటిని విడిగా ఉంచు. మిగతావాటిని అమ్మేయకు. బొచ్చె తల్లిచేపగా ఎదగడానికి మూడేళ్లు పడుతుంది, అంత తేలిగ్గా పోగొట్టుకోకూడదు.

ప్రశ్న: మరి మళ్లీ గుడ్లకు ఎప్పుడొస్తాయి? శీలావతి కూడా?

జవాబు: వేసవి మొదట్లోనే గుడ్లు పెట్టించి, మంచి మేత వేస్తే అదే ఏడాది రెండోసారి తయారయ్యేవి ఉన్నాయి. జులైలో వదిలినవాటిని మాత్రం వచ్చే వానాకాలానికి ఉంచడమే మేలు. చలికాలమంతా అండాశయంలో సొన పట్టని చిన్న గుడ్లే ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో నీరు వేడెక్కాక కాలేయం సొనకు కావలసిన ప్రొటీన్ తయారుచేస్తుంది, అది రక్తం ద్వారా గుడ్లకు చేరుతుంది. కాబట్టి అప్పటికి చేప ఒంట్లో సత్తువ ఉండాలి. ఉత్త తవుడుతో సరిపెట్టకు, వేరుశనగ చెక్క, చేపపొడి, ఖనిజ మిశ్రమం కలుపు. అలాగని చలికాలంలో మితిమీరి మేపితే కొవ్వు పట్టి అండాశయం సరిగా ఎదగదు.

మరొకరు: ఆడ, మగ చేపలను వేర్వేరు చెరువుల్లో వదలండి. వల గీసుకున్న చోట పొలుసులు రాలి ఉంటే, వదిలే ముందు పలచటి పొటాషియం పర్మాంగనేట్ (క్రిములను చంపే ఊదారంగు మందు) నీళ్లలో కాసేపు ముంచండి. సగం వదిలిన బొచ్చెలకు ఏదైనా గుర్తు పెట్టుకుంటే, వచ్చే ఏడాది ఇంజెక్షన్‌కు ముందు వాటి గుడ్లనే మొదట పరీక్షించుకోవచ్చు.