పి అండ్ ఐడీ డ్రాయింగా, డయాగ్రామా?

గాజువాక_కుర్రాడు:
అన్నలూ, డిప్లొమా అయ్యి ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో చేరి రెండు నెలలైంది. ఇక్కడ ఏ కాగితాన్నైనా డ్రాయింగ్ అనే అంటారు. నిన్న ఫోర్‌మన్ "ఆ ఆరంగుళాల లైను డ్రాయింగ్ పట్రా" అంటే పి అండ్ ఐడీ ప్రింటు పట్టుకెళ్లాను, ఫిట్టర్ చూసి "ఇందులో కొలతేదీ, ఎంతకి కొయ్యమంటావ్?" అన్నాడు. వాళ్లకి కావలసింది ఐసో అట. జీఏ, ఐసో, స్పూల్ తేడా ఎవరైనా చెప్పండి, నోరు తెరిచి అడగాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జుబైల్_పైపింగ్:
తమ్ముడూ, పి అండ్ ఐడీ అంటే పైపింగ్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ డయాగ్రామ్, చివరి డీ డయాగ్రామే. ఏ పంపు నుంచి ఏ వెసల్‌కి ఏ సైజు లైను పోతుంది, మధ్యలో ఏ వాల్వు, ఏ గేజి ఉన్నాయి, అంతవరకే అది చెప్పేది. అందులో పక్కపక్కనే కనిపించే రెండు పంపులు సైట్లో నలభై మీటర్ల దూరంలో ఉండొచ్చు. జీఏ అంటే జనరల్ అరేంజ్‌మెంట్, ఏది ఎక్కడుందో స్కేలుకి గీసిన ప్లాను. ఐసో అంటే ఐసోమెట్రిక్, ఒక్క లైనుకే, ఒంటి గీతతో ఉంటుంది, కొలతలన్నీ రాసి ఉంటాయి గానీ గీత స్కేలుకి ఉండదు, కాబట్టి దాని మీద స్కేలు పెట్టి కొలవకు, అంకెనే నమ్ము. చేతికి రాగానే ముందు నార్త్ బాణం ఎటుందో చూడు.

పైపు_లెక్కలు:
స్పూల్ అంటే షాపులో వెల్డ్ చేసి లారీకెక్కించే ముక్క. ఒక ఐసోలో నాలుగైదు స్పూళ్లు ఉండొచ్చు, ఫీల్డ్ వెల్డ్ (సైట్లో వేసే వెల్డు) అని రాసిన జాయింటు దగ్గర ఒకటి అయిపోతుంది. కొన్నిచోట్ల స్పూల్‌కి వేరే షీటు ఇస్తారు, కొన్నిచోట్ల ఐసో మీదే స్పూల్ నంబర్లు వేస్తారు, మీ షాపు పద్ధతి అడిగి తెలుసుకో.

ఇంకోటి, బీఓపీ అంటే బాటమ్ ఆఫ్ పైప్, పైపు అడుగు ఎలివేషన్, అంటే ఎత్తు. కొత్తలో నేను దాన్ని సెంటర్‌లైన్ అనుకున్నాను. ఆరంగుళాల పైపు బయటి వ్యాసం 168.3 మిల్లీమీటర్లు, అంటే సగం 84. సపోర్టులన్నీ అంత పొట్టిగా వచ్చాయి, రెండు రోజులు కూర్చుని ముక్కలు అతికించాం. ఎలివేషన్ అంకె పక్కనున్న ఆ మూడక్షరాలు చదవకుండా కొలత తీయకు.

జుబైల్_పైపింగ్:
అవును. అడిగేటప్పుడు కూడా ఉత్త "డ్రాయింగ్" అనకు. ఐసో, లైను నంబరు, షీటు, రివిజన్, ఈ నాలుగూ చెప్పి అడుగు.

గాజువాక_కుర్రాడు:
ఇవాళ అలాగే అడిగానన్నా. డాక్యుమెంట్ కంట్రోల్‌లో రివిజన్ 1 ఉంది, షాపు బల్ల మీద ఇంకా రివిజన్ 0 ఉంది. రెండో షీటులో ఒక ఎల్బో (పైపు మలుపు ముక్క) తిప్పిన వైపే మారింది. ఇంకా కొయ్యలేదు, ఆపించాను.